కోహ్కా బస్సుకి ర్యాంపు

భాగ్యరేఖ బస్సెక్కాలంటే ముగ్గురు మనుషులు కావాలి. కండక్టరు రాజేశ్ వెనకనుంచి కుర్చీ పట్టుకుంటాడు. డ్రైవరు దిగి వచ్చి ఎడమ చక్రం దగ్గర నిలబడతాడు. కుడి పక్కకి ప్రయాణికుల్లోంచి ఎవరో ఒకరు రావాలి. అది బ్యాటరీతో నడిచే కుర్చీ, మనిషితో కలిపితే చాలా బరువు. ముగ్గురూ ఒక్క ఊపున లేపి బస్సులో దించాక ఆమె అందరికీ పేరుపేరునా థాంక్స్ చెబుతుంది. బడి ఉన్న చరోదాలో దిగేటప్పుడు మళ్లీ అదే వరస. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అదే.

భాగ్యరేఖకి పసితనంలోనే పోలియో వచ్చింది. తండ్రి బలరాం శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేశాడు. షిఫ్టు ఏదైనా సరే, కూతుర్ని సైకిలు మీద బడికి దింపి, మళ్లీ తీసుకొచ్చేవాడు. రిటైరయ్యాక కర్మాగారం ఇచ్చిన సెక్టారు క్వార్టరు వదిలి కోహ్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. అప్పటికి భాగ్యరేఖ ఎమ్మెస్సీ పూర్తిచేసి, చరోదాలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతోంది. రైల్వే కాలనీ పిల్లలే ఎక్కువ అక్కడ. వాళ్లలో సగం తెలుగిళ్ల పిల్లలు. పేర్లు తెలుగువి, మాటలు హిందీవి.

ఆ రోజుల్లో నెలవారీ ఆటో మాట్లాడుకున్నారు. తల్లి నూకమ్మ కూతుర్ని రెండు చేతులతో ఎత్తి ఆటోలో కూర్చోబెట్టేది. మడత కుర్చీని వెనక కట్టి, చరోదా దాకా వెళ్లి దింపి, అదే ఆటోలో తిరిగొచ్చేది. సాయంత్రం మళ్లీ బయల్దేరేది. అలా ఏళ్లు గడిచేసరికి నూకమ్మ నడుం వంగిపోయింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. "ఇది బరువేటి? నా పిల్ల గదా" అంది నూకమ్మ. డాక్టరుకి తెలుగు రాదు. భాగ్యరేఖ ఆ మాటని అనువాదం చేయలేదు.

ఆ తర్వాత ప్రభుత్వ పథకంలో బ్యాటరీ కుర్చీ వచ్చింది. దాదాపు అదే సమయంలో ఊళ్లోకి కొత్త సిటీ బస్సులు వచ్చాయి. ప్రభుత్వం డబ్బు పెట్టి కొన్న బస్సులు. నడిపే పని ఒక కంపెనీకి కాంట్రాక్టుకిచ్చారు. సుపేలా చౌక్ దగ్గర మొదటిసారి ఆ బస్సుని చూసినప్పుడు భాగ్యరేఖ కళ్లు దాని మధ్య తలుపు మీదే ఉండిపోయాయి. తలుపు పక్కన చక్రాల కుర్చీ బొమ్మ ఉంది. లోపల నేలకి అతుక్కుని మడతపెట్టిన ఇనప పలక ఉంది. దాన్ని తిప్పి బయటికి పరిస్తే, కుర్చీ దానంతట అదే ఎక్కిపోవచ్చు.

"అమ్మా, ఇంక నువ్వు రానక్కర్లేదు. నేనే వెళ్లిపోతాను" అంది.

"ఒక్కద్దానివే?"

"ఒక్కదాన్నే."

మొదటి రోజు రాజేశ్ ఆ పలక అంచు కింద వేళ్లు పెట్టి లాగాడు. అది కదల్లేదు. "ఖరాబ్ హై, దీదీ" అన్నాడు ఇబ్బందిగా. అంతమాత్రాన ఆమెని రోడ్డు మీద వదిలేసి పోలేదు. డ్రైవరుని పిలిచాడు, ఇంకొకర్ని పిలిచాడు, ముగ్గురూ కలిసి ఎత్తారు. ఆరోజు నుంచి అదే అలవాటైంది.

రాజేశ్ ఖుర్సీపార్‌లో ఉండే ఛత్తీస్‌గఢీ మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. భాగ్యరేఖ స్టాపులో ఉందో లేదో చూసుకోనిదే బెల్లు కొట్టడు. వానొస్తే తన గొడుగు పట్టుకుని దిగుతాడు. అతని మీద ఆమెకి నిజమైన కృతజ్ఞత ఉంది. కాకపోతే, దాంతోపాటు ఒక అలసట కూడా ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. మిగతా వాళ్లు బస్సు ఆలస్యమైతే విసుక్కుంటారు. ఆమెకి ఆ వీలు లేదు. తలనొప్పిగా ఉన్న రోజైనా, ఇంట్లో గొడవపడి వచ్చిన రోజైనా, నవ్వు మొహంతోనే ఉండాలి. ఎత్తించుకునే మనిషి చిరాకు పడితే రేపు ఎవరొస్తారు?

జులైలో ఒక పొద్దున వాన గట్టిగా పడుతోంది. కోహ్కా స్టాపులో ముగ్గురూ కుర్చీని లేపారు. డ్రైవరు కాలు బురదలో జారింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగిపోయింది. భాగ్యరేఖ తల బస్సు మెట్టుకి తగలబోతుంటే రాజేశ్ తన చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్చీ బరువంతా అతని మణికట్టు మీద పడింది. భాగ్యరేఖకి మోచెయ్యి గీరుకుంది, అంతే. రాజేశ్ కింద కూర్చుండిపోయి, చేతిని కడుపుకి అదుముకుని, "దీదీ ఠీక్ హై నా?" అని అడిగాడు.

మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆ ఆదివారం భాగ్యరేఖ తల్లిని తీసుకుని ఖుర్సీపార్ వెళ్లింది. రాజేశ్ కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కంపెనీ వాళ్లు వైద్యం ఖర్చు ఇచ్చేది లేదన్నారట. ప్రయాణికుల్ని ఎత్తడం అతని డ్యూటీ కాదట. ఎత్తమని ఎవరు చెప్పారని అడిగారట.

నూకమ్మ అతని కట్టు మీద చెయ్యి వేసి తెలుగులోనే మాట్లాడింది. "నా పిల్ల బుర్రకి నీ సెయ్యి అడ్డమెట్టినావు బాబూ. నీ కడుపు సల్లగుండాల." అతనికి మాటలు అర్థం కాలేదు గానీ తలవంచి కూర్చున్నాడు.

బయల్దేరబోతుంటే రాజేశ్ గొంతు తగ్గించి చెప్పాడు. "దీదీ, ఆ పలక చెడిపోలేదు. బస్సు నడుస్తుంటే గలగలమంటుందని డిపోలో బోల్టులు బిగించేశారు. అన్ని బస్సుల్లోనూ అంతే. ఎవరైనా అడిగితే ఖరాబ్ అని చెప్పమన్నారు. నా పేరు మాత్రం చెప్పకండి. ఉద్యోగం పోతుంది."

"చెప్పను భయ్యా" అంది భాగ్యరేఖ.

ఇంటికొచ్చే దారంతా ఆమెకి ఆ బోల్టులే గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ చెడిపోయిందనుకుంది. చెడిపోయిన వస్తువు మీద ఎవరికి కోపం వస్తుంది? కానీ ఎవరో ఒక మనిషి స్పానరు పట్టుకుని కూర్చుని, ఒక్కొక్క బోల్టూ బిగించాడు. అది ఎవరికోసం పెట్టిన పలకో అతనికి చెప్పిన వాళ్లు లేరు. ఆ తర్వాత చూసిన వాళ్లూ లేరు.

మర్నాడు బడికి సెలవు పెట్టి, బస్సుల వ్యవహారం చూసే సర్కారీ ఆఫీసుకి వెళ్లింది. ముందు గదిలో కూర్చున్న పెద్దమనిషి మర్యాదగానే విన్నాడు. కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి, "అన్ని ర్యాంపులూ పనిచేస్తున్నాయంటున్నారు మేడమ్" అన్నాడు. ఆమె మొహం చూసి, ఓదార్పుగా ఇంకో మాట చేర్చాడు. "మన ఊరి జనం దయగలవాళ్లు. మిమ్మల్ని ఎవరూ వదిలేసి పోవడం లేదు కదా."

"మనుషుల దయ మీద నాకే ఫిర్యాదూ లేదు సర్. ఆ దయవల్లే ఒకాయన చెయ్యి విరిగింది. నా ఫిర్యాదు బస్సు మీద" అంది భాగ్యరేఖ.

లోపలి గది తలుపు తెరిచే ఉంది. అక్కడనుంచి ఒక యువతి లేచి వచ్చింది. ఆ విభాగం చూసే అధికారి ఆమే. పేరు కిరణ్మయి. తండ్రి ప్లాంటులో ఇంజనీరుగా చేశాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ సెక్టార్లలోనే. భాగ్యరేఖ పేరు వినగానే తెలుగులోకి మారింది గానీ, ఆ తెలుగు కొంచెం తడబడుతూ నడిచింది.

"భాగ్యరేఖగారూ, నా దగ్గర రిపోర్టు ఉంది. అందులో అన్నీ... మత్లబ్, అన్నీ బాగున్నాయని ఉంది."

"రేపు పొద్దున మా స్టాపుకి రండి మేడమ్. మీరే చూడండి. ముందుగా ఎవరికీ చెప్పకండి, అంతే."

కిరణ్మయి స్టాపు పేరూ బస్సు వేళా అడిగి రాసుకుంది. తర్వాత "వస్తాను" అంది.

ఆ మాట విని నూకమ్మ పెదవి విరిచింది. "వస్తాదంటావేటి? ఆఫీసరమ్మ మన బురదలోకి ఎందుకొస్తాది?"

"తెలీదమ్మా. చూద్దాం."

కిరణ్మయి వచ్చింది. జీపులో కాదు, స్కూటీ మీద, ఒక్కతే వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ల గుంట దాటి స్టాపులోకి వచ్చి, మిగతా వాళ్ల మధ్య నిలబడింది. ఎవరూ ఆమెని గుర్తుపట్టలేదు. నూకమ్మ మాత్రం పక్కకి జరిగి, తడవని చోటు ఆమెకి చూపించింది.

బస్సు వచ్చింది. రాజేశ్ బదులు కొత్త కండక్టరు దిగాడు. ర్యాంపు వెయ్యమని కిరణ్మయి అడిగింది. "ఖరాబ్ హై" అన్నాడతను, అలవాటు ప్రకారం.

ఆమె బస్సెక్కి, మధ్య తలుపు దగ్గర తడి నేల మీద మోకాళ్లూని కూర్చుంది. పలక అంచు మీద మట్టిని చున్నీ కొసతో తుడిచింది. బోల్టుల తలలు బయటపడ్డాయి. వాటిమీద రంగు కూడా వేసి ఉంది. ఒకదాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

వెనకనుంచి ఎవరో గొణిగారు. "ఎత్తి ఎక్కించేయండి మేడమ్, డ్యూటీకి లేటవుతోంది."

కిరణ్మయి లేచి నిలబడింది. బస్సంతటికీ వినబడేలా హిందీలో మాట్లాడింది. "ఈ బస్సులు మా ఆఫీసు కింద నడుస్తాయి. నేనే ఆ అధికారిని. ఈ పలక తెరుచుకోవాలి. తెరుచుకోకపోవడం కంపెనీ తప్పు. ఇన్నాళ్లూ మేమొచ్చి చూడకపోవడం మా తప్పు. మీకు ఆలస్యమైనందుకు క్షమించండి."

ఆ తర్వాత ఆమె దిగి వచ్చి, కుర్చీ కుడి పక్కన నిలబడింది.

"వద్దు మేడమ్, మీకు అలవాటు లేదు" అంది భాగ్యరేఖ.

"ఎవరికి అలవాటు?" అంది కిరణ్మయి, చున్నీ నడుముకి కట్టుకుంటూ.

గొణిగినతను కూడా దిగొచ్చి ఒక చెయ్యి వేశాడు. కుర్చీ లేచింది, కాస్త వంకరగా. దించాక కిరణ్మయి తన అరచెయ్యి చూసుకుంది. ఇనుము నొక్కుకున్న చోట ఎర్రగా గీత పడింది. చరోదా దాకా ఆమె పక్కనే కూర్చుంది. పవర్‌హౌస్ స్టాపు దాటేవరకు ఆ గీతనే రుద్దుకుంటూ ఉంది.

"నెలనెలా కంపెనీవాళ్లు పంపిన రిపోర్టు కింద నేనే సంతకం పెడతాను. ఫోన్ చేసి అడుగుతాను. బాగుందంటారు. నేను పెట్టేస్తాను" అంది చివరికి.

భాగ్యరేఖ ఆమె వైపు తిరిగింది. ఏదో ఒక సాకు చెబుతుందనుకుంది. ఒక అధికారి తనంతట తనే ఇలా చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. "మీరొచ్చారు మేడమ్. అది చాలు ఇవాళ్టికి" అంది.

"చాలదు" అంది కిరణ్మయి.

పదిహేను రోజులు గడవకముందే కోహ్కాలోని సామాజిక భవనంలో మీటింగు పెట్టించింది. కంపెనీ మేనేజరుని పిలిచి, ప్రయాణికుల ఎదురుగానే కూర్చోబెట్టింది. చాలామంది వచ్చారు. కొందరు బస్సులు వేళకి రావని అడిగారు, కొందరు ఆడవాళ్లు చీకటి పడ్డాక స్టాపుల్లో దీపాలు లేవని చెప్పారు. ర్యాంపు సంగతి వచ్చేసరికి మేనేజరు దగ్గి, సర్దుకుని కూర్చున్నాడు. పలకలు గలగలమంటున్నాయని ప్రయాణికులే ఫిర్యాదు చేశారనీ, వాళ్ల సౌకర్యం కోసమే బిగించామనీ అన్నాడు.

ఆ హిందీని పక్కనున్నావిడ నూకమ్మకి తెలుగులో చెప్పింది. నూకమ్మ గోడ పట్టుకుని లేచింది.

"బస్సు సప్పుడు సేస్తే ఇన్నారు బాబూ. మా పిల్ల సప్పుడు సెయ్యనేదు. అందుకే ఇనపడనేదు మీకు."

అక్కడున్న తెలుగువాళ్లు తలలు దించుకున్నారు. కిరణ్మయి ఆ మాటని హిందీలోకి మార్చి చెప్పబోయి, మధ్యలో ఆగిపోయింది. భాగ్యరేఖే మిగతాది చెప్పింది.

ఆరోజు అందరి ముందూ కిరణ్మయి తన నిర్ణయాలు చెప్పింది. ప్రతి బస్సులోనూ ర్యాంపు తెరుచుకునేదాకా కంపెనీకి బిల్లు ఆగిపోతుంది. గాయపడిన కండక్టరు వైద్యం కంపెనీదే, కోలుకునేవరకూ జీతం కూడా. ర్యాంపు మూసేసి మనిషి చేత ఎత్తించింది మీరు కాబట్టి, అది డ్యూటీయే అని మేనేజరుతో అంది. ఇకమీదట సంతకం పెట్టే ముందు తమ ఆఫీసునుంచి ఒకరు బస్సెక్కి చూస్తారనీ, ఆ దారిలో రోజూ తిరిగే ప్రయాణికుడు ఒకరు వాళ్ల వెంట ఉంటారనీ చెప్పింది. మొదటి నెలకి భాగ్యరేఖని రమ్మంది. డిపో రహస్యం ఎవరు బయటపెట్టారన్న ప్రశ్నే రాలేదు. బోల్టులు అందరికీ కనబడ్డాయి కదా.

అన్నీ అనుకున్నంత తొందరగా జరగలేదు. కొన్ని బస్సుల్లో కీళ్లు తుప్పు పట్టిపోయి, కొత్తవి తెప్పించాల్సి వచ్చింది. కంపెనీ గడువు అడిగింది, మళ్లీ అడిగింది. ఆ రోజుల్లో భాగ్యరేఖని ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉన్నారు. కిరణ్మయి మాత్రం వారం వారం ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చిందో చెప్పేది. చెప్పడానికేమీ లేని వారం కూడా, "ఈ వారం ఏమీ కాలేదు భాగ్యరేఖగారూ" అని చెప్పేది. భాగ్యరేఖకి ఆ ఫోన్లే పెద్ద ధైర్యం. తన మాట ఎక్కడో ఒక చోట ఒకరి తలలో తిరుగుతూనే ఉందని తెలిసేది.

దసరా సెలవుల తర్వాత బళ్లు తెరిచిన రోజు, కోహ్కా స్టాపులో బస్సు పేవ్‌మెంటుకి ఆనుకుని ఆగింది. కండక్టరు కొక్కెం వేసి పలకని లాగి, బయటికి పరిచాడు. నిజంగానే చప్పుడైంది. ముందు సీట్లోంచి ఒకాయన అలవాటు కొద్దీ లేచి రెండు చేతులూ చాపి వచ్చాడు. పలక చూసి ఆగిపోయి, ఆ చేతులు ఏం చెయ్యాలో తెలీక జేబుల్లో పెట్టుకున్నాడు.

భాగ్యరేఖ మీట ముందుకి నొక్కింది. కుర్చీ మెల్లగా ఎక్కింది. లోపల తన చోటుకి వెళ్లి, తిరిగి, బెల్టు పెట్టుకుంది. బస్సు కదిలింది. ఎవరికీ థాంక్స్ చెప్పాల్సిన పని లేదు. ఆ సంగతి సుపేలా దాటాక గాని ఆమెకి తట్టలేదు. గుండెల మీంచి ఏదో తీసేసినట్టు అనిపించి, కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చింది. తర్వాత రాజేశ్‌కి ఫోన్ చేసింది.

"భయ్యా, ఇవాళ నన్నెవరూ ఎత్తలేదు."

"అచ్ఛా హువా, దీదీ" అన్నాడు రాజేశ్.

"ఎత్తినన్నాళ్లూ థాంక్స్ చెప్పక తప్పేది కాదు. ఇవాళ నా అంతట నేను చెబుతున్నాను. మీరు లేకపోతే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది. నా తల కూడా."

అతను నవ్వాడు. కట్టు విప్పేశారనీ, వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదనీ, దీపావళి అయ్యాక డ్యూటీలో చేరమన్నారనీ చెప్పాడు. చెప్పినట్టే చేరాడు. కోహ్కా దారే అడిగి తీసుకున్నాడు.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం భాగ్యరేఖ తల్లిని జూ ఉన్న మైత్రీబాగ్‌కి తీసుకెళ్లింది. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి వెళ్లిన చోట్లన్నీ బడి, ఆస్పత్రి, ఆఫీసులు. ఊరికే వెళ్లిన చోటు లేదు. నూకమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏమీ తోచనట్టు బయటికి చూసింది. పట్టుకోవడానికి కుర్చీ గానీ, ఎత్తడానికి కూతురు గానీ లేక ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి.

తెల్లపులి నీడలో పడుకుని ఉంది. పిల్లలు ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. ఎదురుగా బెంచీ మీద కూర్చుని నూకమ్మ పల్లీలు ఒలిచి కూతురికి కొన్ని, తనకి కొన్ని వేసుకుంది.

"ఆ ఆఫీసరమ్మకి అరిసెలొండి అట్టుకెల్దామా?"

"ఆఫీసుకి తీసుకెళ్తే బాగోదమ్మా. పని చేయించుకుని ఇచ్చినట్టుంటుంది. ఒకసారి ఇంటికి పిలుద్దాం."

"అదీ నిజవే. ఆవిడ జీతానికి తగ్గ పనే సేసినాది." నూకమ్మ కాసేపు పల్లీలు ఒలిచింది. "అయినా సేసినాది గదే. సెయ్యనోలని ఎంతమందిని సూడనేదు మనం? నాను రోజూ దీపం ఎట్టినప్పుడు ఆ పిల్లనీ తలుసుకుంతన్నాను, ఆ రాజేశు బాబునీ తలుసుకుంతన్నాను."

"నేనూ అంతేనమ్మా" అంది భాగ్యరేఖ.

ఎండ చల్లబడ్డాక గేటు బయట స్టాపుకి వచ్చారు. బస్సు వచ్చింది, ఆదివారం కదా, నిండా జనం. కండక్టరు అందర్నీ జరగమని చెప్పి పలక పరిచాడు. భాగ్యరేఖ ఎక్కింది. లోపలికి వెళ్లి వెనక్కి చూస్తే, నూకమ్మ ముందు తలుపు మెట్ల వైపు పోకుండా, నడుం మీద చెయ్యి వేసుకుని ఆ పలక మీదే తాపీగా నడిచి వస్తోంది.

"ఇది నీకోసం కాదు కదమ్మా" అంది భాగ్యరేఖ నవ్వుతూ.

"ఏం, నాది మాత్రం నడుం కాదేటి?" అంది నూకమ్మ. ఆమె వెనక పిల్లని చంకనెత్తుకున్న ఒకావిడ, సంచులు మోస్తున్న ఒక ముసలాయన కూడా అటే వచ్చారు. అందరూ ఎక్కాక కండక్టరు పలక మడిచి, బెల్లు కొట్టాడు.